ఆటుపోట్లు: ఏది ఆటు, ఏది పోటు?

ప్రశ్న: “ఆటుపోట్లకు సముద్రపు అడుగున ఒండ్రు అటూ ఇటూ కదిలి, చివరికి ఎక్కడిదక్కడే ఉంటుంది” అని ఒక పాఠంలో ఉంది. ఇందులో ఆటు ఏది? పోటు ఏది? ఒండ్రు అనవచ్చా?

జవాబు: నీరు పొంగి ఒడ్డుకు రావడం పోటు. “వరద పోటెత్తింది” అంటామే, ఆ పోటే. తగ్గి వెనక్కి మళ్లడం ఆటు. (“అటుపోట్లు” అని రాయకండి.) చాలా తీరాల్లో రెండూ కలిపి 12 గంటల 25 నిమిషాలు.

అసలు తప్పు “ఎక్కడిదక్కడే” దగ్గరుంది. వచ్చిన నీరు తిరిగి పోతుంది గానీ ఇసుక అంతా పోదు. ఇసుక కదలిక సుమారుగా నీటి వేగపు ఘనాన్ని (వేగం × వేగం × వేగం) బట్టి పెరుగుతుంది. పోటు సెకనుకు 1 మీటరు చొప్పున 5 గంటలు, ఆటు 0.7 మీటరు చొప్పున 7 గంటల పైచిలుకు నడిచిందనుకోండి. నీటి లెక్క (వేగం × గంటలు) రెండువైపులా 5కి సరిపోతుంది. ఇసుక లెక్కలో (వేగపు ఘనం × గంటలు) మాత్రం పోటుకు 5, ఆటుకు 2.4. తేడా అంతా లోపలివైపు మేట వేస్తుంది.

మరో జవాబు: ఒండ్రు అంటే ఇసుక కాదు. రేణువు 0.063 మిల్లీమీటరు దాటితే ఇసుక, అంతకు మెత్తనివి ఒండ్రు, బంకమన్ను. 0.2 మి.మీ. ఇసుక రేణువు 10 మీటర్ల లోతుకు ఎనిమిది నిమిషాల్లో దిగుతుంది. 0.02 మి.మీ. ఒండ్రు రేణువు ఒంటరిగా దిగాలంటే ఏడెనిమిది గంటలు, ఈలోగా ప్రవాహమే తిరగబడుతుంది. మేట రేణువు పేరు కాదు, పేరుకున్న దిబ్బ. దానివల్ల లోతు తగ్గితే పూడిక. అన్నిటికీ “అవక్షేపం” (అడుగుకు దిగినది) వాడుతున్నారు గానీ, నీళ్లలో ఇంకా తేలుతున్నదాన్ని అలా అనడం నాకు ఎబ్బెట్టు.

ప్రశ్న: తుఫాను అలలు పైపైనే కదా, అడుగును ఎలా కదుపుతాయి?

జవాబు: అల ప్రభావం దాని పొడవులో సగం లోతు దాకా ఉంటుంది. 5 సెకన్ల అల (ఒక శిఖరం వెళ్లాక మరోటి రావడానికి 5 సెకన్లు పట్టేది) లోతైన నీటిలో 39 మీటర్ల పొడవు, అంటే 20 మీటర్ల లోతు దాటి అడుగును తాకదు. తుఫానులో వచ్చే 10 సెకన్ల అల పొడవు 156 మీటర్లు. అది 78 మీటర్ల దాకా అందుకుంటుంది. అయితే అల ఇసుకను లేపి ఊపుతుందే గానీ దూరం మోయదు, మోసేది ప్రవాహం. గాలి ఒడ్డుకు నెట్టిన నీరు (ఇది ఉప్పెన, పోటు కాదు) అడుగు వెంట వెనక్కి జారుతూ ఆ లేచిన ఇసుకను లోతుకు పట్టుకుపోతుంది. గాలి తగ్గాక ముతకది ముందు కూర్చుంటుంది, మెత్తనిది దానిమీద పరుచుకుంటుంది.