నల్లరేగడిలో పేవర్ బాట కుంగింది: అడుగుభాగం ఎలా సిద్ధం చేయించాలి?

ప్రశ్న (గుంటూరు)

మా గేటు నుంచి పోర్టికో వరకు 40 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున గత వేసవిలో పేవర్ బ్లాకులు పరిపించాము. మాది నల్లరేగడి నేల. 6 అంగుళాలు తవ్వి, గ్రావెల్ పోసి, దిమ్మిసతో కొట్టి, దానిపై క్రషర్ డస్టు పరిచి బ్లాకులు పేర్చారు. మొదటి వానలకే కారు చక్రాలు నడిచే రెండు చాళ్ల వెంట బ్లాకులు కుంగి నీళ్లు నిలిచాయి. ఇప్పుడు అంతా ఎత్తివేసి, అడుగున 4 అంగుళాల కాంక్రీటు వేద్దామని మేస్త్రీ గారు అంటున్నారు. ఖర్చుకు వెనుకాడను గాని, మళ్లీ ఇదే అవస్థ రాకూడదు. అనుభవజ్ఞులు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు (రోడ్డు పనుల సైటు ఇంజనీరు)

లోపం బ్లాకుల్లో కాదండీ, వాటి కింద ఉంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. దానిపై పలుచని గ్రావెల్ పొర కారు బరువును మోయలేదు. కాంక్రీటు వేయించుకోవచ్చు గాని, బ్లాకుల సందుల్లోంచి దిగిన నీరు ఆ పలక మీదే నిలిచి ఇసుకను బురద చేస్తుంది కనుక, పల్లపు అంచున నీరు పోయే రంధ్రాలు తప్పక వదలాలి. పైగా కింది మట్టి ఉబ్బితే పలక కూడా పగులుతుంది.

నేనైతే 16 అంగుళాలు తవ్విస్తాను. తవ్విన అడుగును ఎండి నెర్రెలిచ్చిన స్థితిలో కప్పకుండా, కాస్త తడిపి రోలరుతో అణిచి, మట్టి పైకి ఎగదన్నకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిపిస్తాను. ఆపైన 6 అంగుళాల గ్రావెల్, 6 అంగుళాల వెట్ మిక్స్ కంకర (చిన్నాపెద్దా రాళ్లు, పొడి నీటితో ముందే కలిపిన మిశ్రమం), అంగుళం ముతక ఇసుక, 3 అంగుళాల మందం బ్లాకు. గ్రావెల్‌నైనా కంకరనైనా ఒకేసారి పోయించకండి. చిన్న ప్లేట్ కాంపాక్టర్ (అదురుతో నేలను అణిచే పలక యంత్రం) అదురు లోతుకు దిగదు గనుక, 3, 4 అంగుళాల చొప్పున పరిచి, నీళ్లు చిలకరించి అణచాలి. గ్రావెల్‌ను పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, అరచేతికి నీరు అంటకూడదు. తడి సరిపోయిందనడానికి అదే గుర్తు.

వాలు ఇసుకతో కాదు, అడుగు నుంచే తీసుకురావాలి. 50 అడుగులకు ఒక అడుగు లెక్కన మీ 10 అడుగుల వెడల్పుకు దాదాపు రెండున్నర అంగుళాలు, అదీ ఇంటి గోడకు ఎదురు దిక్కున.

జవాబు (నంద్యాల)

మాదీ రేగడే. ఇంజనీరు గారు చెప్పినట్లే అడుగు గట్టిగా చేయించినా, అంచులకు కాంక్రీటు కట్ట కట్టించక నష్టపోయాము. కారు మలుపు తిరిగినప్పుడల్లా చివరి వరుస వెలుపలికి జరిగి, సందులు విచ్చి, ఇసుక కారిపోయింది. కంకర పొరను బ్లాకుల అంచు దాటి అర అడుగు వెలుపలికి వేయించి, కట్టను దానిమీదే నిలబెట్టించండి. గట్టు పక్కన మొక్కలకు నీళ్లు పారించే అలవాటుంటే దాన్నీ దూరం జరపండి. మా బాట ఒకవైపు మాత్రమే ఉబ్బడానికి కారణం ఆ మందార పాదులే.

అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు కారు చక్రాల చాలు వెంట ఆరు బ్లాకులు ఎత్తించి చూశాను. ఒకచోట డస్టు అంగుళమే ఉంది, జానెడు దూరంలో మూడు అంగుళాలు. ఆ మందం ఉన్నచోట అది నల్లమట్టి కలిసి, పారతో తీస్తే జావలా జారింది. కొత్త పనిలో డస్టు బదులు ఇసుకే వాడాలా? దాన్ని కూడా ముందుగా దిమ్మిస కొట్టించాలా?

జవాబు (సైటు ఇంజనీరు)

అంగుళం ఉండాల్సిన పొరతో గ్రావెల్ ఎగుడుదిగుడులు పూడ్చారు, కుంగడానికి అదీ ఒక కారణం. డస్టులోని మెత్తని పొడి నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి కడిగిన ముతక ఇసుకే వాడించండి. ఇసుకను ముందుగా అణచకూడదు. రెండు ఇనుప గొట్టాలు సమంగా పెట్టి, వాటి మీదుగా తిన్నని బద్ద లాగి, కాలు మోపకుండా బ్లాకులు పేర్చాలి. తరువాత పైనుంచి కాంపాక్టర్ నడిపి, సందుల్లోకి పొడి సన్న ఇసుక ఊడ్చి, మళ్లీ ఒకసారి నడపాలి. పాత బ్లాకులు 3 అంగుళాల మందమై, విరగకుండా వస్తే వాటినే తిరిగి వాడుకోవచ్చు.