స్వచ్ఛంద బృందం నడిపే క్రిప్టో నాణెం: పాత కోడ్ నుంచి కొత్త వెర్షన్‌కు మారడం ఎలా?

ప్రశ్న (మాదాపూర్ సభ్యుడు):
మిత్రులకు నమస్కారం. బిట్‌కాయిన్ కోడ్ నుంచి పుట్టిన ఒక చిన్న నాణెం సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే బృందంలో నేనొకడిని. ఉద్యోగం ముగిశాక, రాత్రిళ్లూ సెలవు రోజుల్లోనూ ఈ పని చేస్తాం. జీతం తీసుకునేవారు మాలో ఎవరూ లేరు. మా కోడ్ బిట్‌కాయిన్ ప్రధాన సాఫ్ట్‌వేర్ అయిన బిట్‌కాయిన్ కోర్ 0.15 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. లేని నాణేలను పుట్టించడానికి వీలిచ్చే లోపం 2018 సెప్టెంబరులో బయటపడినప్పుడు దాన్ని సరిచేసే ఒక్క ప్యాచ్‌ను (సవరణ కోడ్‌ను) మాత్రం తెచ్చి కలుపుకున్నాం. ఇప్పుడు ఒకేసారి కొత్త వెర్షన్‌కు వెళ్దామని కొందరు, అవసరమైన ప్యాచ్‌లే తెచ్చుకుందామని కొందరు అంటున్నారు. మైనింగ్ (లావాదేవీలను బ్లాకులుగా కట్టి గొలుసుకు చేర్చే పని) భాగం బాగా తెలిసిన మిత్రుడు ఉద్యోగం మారి దూరమయ్యాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1 (గచ్చిబౌలి సభ్యురాలు):
ముందుగా 2013 మార్చిలో బిట్‌కాయిన్‌కే ఎదురైన సంఘటనను మీ బృందమంతా చదవాలని కోరుతున్నాను. 0.8 వెర్షన్‌లో డేటాబేస్‌ను బర్కిలీ డీబీ నుంచి లెవెల్ డీబీకి మార్చారు. ఏ బ్లాక్ చెల్లుతుందో తేల్చే నియమాల జోలికి వెళ్లలేదనే అందరూ నమ్మారు. అయితే పాత డేటాబేస్ సమాచారాన్ని మార్చేటప్పుడు ఒకేసారి వేయగల లాక్‌లకు (తాత్కాలిక తాళాలకు) ఒక పరిమితి ఉండేది. మార్చి 11న వచ్చిన ఒక పెద్ద బ్లాక్ ఆ పరిమితిని దాటడంతో, కొత్త వెర్షన్ నోడ్లు (ఈ సాఫ్ట్‌వేర్‌ను నడిపే కంప్యూటర్లు) దాన్ని అంగీకరించగా పాత నోడ్లలో చాలా వరకు తిరస్కరించాయి, గొలుసు రెండుగా చీలింది. చివరికి పెద్ద మైనింగ్ పూల్స్ (కలిసి మైనింగ్ చేసే బృందాలు) తమ ఆదాయాన్ని వదులుకుని 0.7కు వెనక్కి వెళ్లడం వల్లనే అది మళ్లీ ఒకటైంది. ఎవరూ నియమంగా రాయని ఒక పరిమితి నియమంలా పనిచేసిందన్నమాట.

కాబట్టి మీ కొత్త నోడ్‌ను మొదటి బ్లాక్ నుంచి, పాత సంతకాల తనిఖీని దాటవేసే 'అస్యూమ్‌వ్యాలిడ్' సెట్టింగ్‌ను ఆపేసి నడపండి. తర్వాత ఒకే ఎత్తులో (అంటే ఒకే బ్లాక్ సంఖ్య దగ్గర) పాత, కొత్త నోడ్లు రెండింటిలోనూ ఖర్చు కాని అవుట్‌పుట్ల (ఇంకా ఎవరూ ఖర్చు చేయని నాణేల నమోదుల) సంఖ్యను, మొత్తం విలువను పోల్చండి. ఈ పనికి కంప్యూటర్ సమయం పడుతుందే తప్ప మనుషుల సమయం పెద్దగా పట్టదు. స్వచ్ఛంద బృందానికి అదే ముఖ్యం. అయితే లెక్క కుదిరినంత మాత్రాన కొత్త నోడ్ చెల్లని బ్లాకులను కూడా తిరస్కరిస్తుందని రుజువైనట్టు కాదు. అందుకు విడిగా పరీక్షలు రాయాలి.

జవాబు 2 (కూకట్‌పల్లి సభ్యుడు):
పై మాటతో ఏకీభవిస్తూ ఒకటి చేరుస్తాను. నియమాల మార్పును, కోడ్ మార్పును ఒకే రిలీజ్‌లో పెట్టకండి. ఏదైనా చెడితే కారణం దేనిలో ఉందో రాత్రి పూట ఇద్దరు ముగ్గురు కూర్చుని తేల్చలేరు.

కొత్త నియమానికి సిద్ధమని మైనర్లు తమ బ్లాకుల్లో సంకేతం ఇచ్చారని నిశ్చింతగా ఉండడం కూడా ప్రమాదమే. బిట్‌కాయిన్‌లో 2015 జూలైలో, చివరి 1,000 బ్లాకుల్లో 950 కొత్త నియమానికి మద్దతు చూపాక అది అమల్లోకి వచ్చింది. కానీ కొందరు మైనర్లు ముందు బ్లాక్‌ను పూర్తిగా తనిఖీ చేయకుండానే దాని మీద కట్టుకుపోవడంతో, చెల్లని బ్లాకుల వరుస ఒకటి ఏర్పడింది. మీ నాణెంలో ఎక్స్ఛేంజీలు, పూల్స్ కొన్నే ఉంటాయి కనుక, వాటి నిర్వాహకులతో నేరుగా మాట్లాడి, ఏ వెర్షన్ నడుపుతున్నారో అడిగి తెలుసుకోవడం మేలు.

ప్రశ్నించిన సభ్యుడు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కోడ్ రాయడానికి ముందుకు వచ్చేవారు ఉన్నారు, ఇతరులు రాసినదాన్ని చదివేవారే దొరకడం లేదు. దీనికి ఏం చేయాలి?

జవాబు 3 (తార్నాక సభ్యుడు):
నా అభిప్రాయంలో అసలు కొరత అదే. రాసినవారి పేరు కమిట్‌లో (కోడ్ మార్పు నమోదులో) కనిపిస్తుంది, చదివినవారి శ్రమ చాలాసార్లు ఎవరి కంటా పడదు. అందుకే రిలీజ్ ప్రకటనలో సమీక్షకుల పేర్లు విధిగా వేయండి. పెద్ద ప్యాచ్‌ను ఒక సాయంత్రంలో చదవగలిగే ముక్కలుగా విడగొట్టమని రచయితనే అడగండి. ఉద్యోగం మారి దూరమైన మీ మైనింగ్ మిత్రుడిని కోడ్ రాయమనకుండా, బ్లాక్ కష్టతను (కొత్త బ్లాక్ తయారీ ఎంత కష్టంగా ఉండాలన్నదాన్ని) సవరించే భాగాన్ని మాత్రం చూడమని, ఒక్క గంటకు పిలవండి. చాలామంది అంతమాత్రం కాదనరు. ఆయన చెప్పినదాన్ని ఆ రోజే రాసి రిపాజిటరీలో (కోడ్ భద్రపరిచే చోట) పెట్టండి. ఇక రిలీజ్ ఫైళ్ల మీద డిజిటల్ సంతకం చేసే రహస్య తాళం (కీ) ఒక్కరి దగ్గరే ఉంటే, కోడ్ పని మొదలుపెట్టక ముందే ఇంకో ఇద్దరిని ఆ బాధ్యతలోకి తీసుకోండి.