ఇంజను ముందు వల ఎందుకు బిగించరు?

ప్రశ్న: 2009 జనవరి 15న న్యూయార్క్‌లోని లాగార్డియా నుంచి బయలుదేరిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549 విమానం కెనడా బాతుల గుంపును ఢీకొని, రెండు ఇంజన్ల శక్తినీ కోల్పోయి హడ్సన్ నదిలో దిగింది, 155 మందీ బతికారు. ఇంజను ముందు లోహపు వల బిగిస్తే ఇలాంటివి జరగవు కదా?

జవాబు 1: ఆ వేగంలో నాలుగైదు కిలోల పక్షిని ఆపగలిగేంత దృఢమైన వల ఇంజనుకు అందవలసిన గాలినే అడ్డుకుంటుంది. మేఘాల్లో దానిపై మంచు పేరుకుంటుంది, తెగితే పక్షితోపాటు లోహపు ముక్కలూ లోపలికి పోతాయి.

జవాబు 2: పెద్ద పక్షి పడ్డాక కూడా ఇంజను పనిచేస్తూనే ఉండాలని ధ్రువీకరణ పరీక్షలు కోరవు, విరిగిన ఫ్యాన్ రెక్కలు కవచాన్ని చీల్చుకుని బయటికి రాకుండా, అది సురక్షితంగా ఆగిపోతే చాలు, ఎందుకంటే మిగిలిన ఇంజనుతో విమానం ఎగరగలదు. కాబట్టి నా దృష్టిలో పక్షి పరిమాణం కన్నా గుంపే ఎక్కువ ప్రమాదకరం. 1960లో బోస్టన్‌లో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం కూలి 62 మంది మరణించడానికి కారణం స్టార్లింగులనే చిన్న పిట్టలు.

ప్రశ్నించినవారు: పక్షులు కనిపించగానే టేకాఫ్ ఆపవచ్చు కదా?

జవాబు 1: వీ1 అనే నిర్ణయ వేగం లోపు ఆపవచ్చు. అది దాటాక మిగిలిన రన్‌వే ఆగడానికి చాలకపోవచ్చు కనుక, ఒక ఇంజను దెబ్బతిన్నా పైకి లేవడమే క్షేమం.