దేశీ విత్తనాల నిల్వ: చల్లని క్యాబినెట్ కొనాలా, సీసా–సిలికా జెల్ చాలా?

వరిగూడు: దేశీ వరి 40 రకాలు, రకానికి అరకిలో. మూడేళ్లు మొలక తగ్గకూడదు. వేడినీ తేమనూ అదుపు చేసే క్యాబినెట్ కొనమని కొందరు, సీసాలు చాలని కొందరు. మెదక్ వైపు ఊరు, ఎండాకాలం కరెంటు నమ్మలేం.

నీలిగట్టు: చల్లదనమే ముందండీ. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ విత్తన నిధిలో మధ్యకాల నిల్వ 4 డిగ్రీల్లో, దీర్ఘకాల నిల్వ మైనస్ 20లో. 5 డిగ్రీలు తగ్గితే విత్తనం ఆయుష్షు రెట్టింపని విత్తన శాస్త్రవేత్త హారింగ్టన్ సూత్రం.

పొడిసీసా: ఆ సూత్రంలో సగమే చెప్పారు. గింజలో తేమ 1 శాతం తగ్గినా రెట్టింపే, 5 నుంచి 14 శాతం మధ్య. వడ్లు 13 నుంచి 8కి దిగితే ఐదు రెట్టింపులు, అంటే 32 రెట్లు. 30 డిగ్రీల నుంచి 5కి చల్లబరిచినా అవే 32 రెట్లు! అలాంటప్పుడు కరెంటు అక్కర్లేని పని ముందు చేసుకోవాలి కదా. ఇక్రిశాట్ కూడా ఆరబెట్టాకే చలిలో పెడుతుంది.

కిలో వడ్లలోంచి తీయాల్సింది 54 గ్రాముల నీరే. రబ్బరు రింగున్న గాజు సీసాలో వడ్లు, గుడ్డసంచిలో అంతే బరువు సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు). నారింజ రంగు జెల్ ఆకుపచ్చగా మారితే తీసి, 110–120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచి మళ్లీ వాడండి. జెల్ తీసేశాక ఒకట్రెండు రోజులకు సీసాలో పెట్టిన గాలి తేమమీటర్ 30 శాతం దగ్గర నిలిస్తే వడ్లు సుమారు 8 శాతానికి వచ్చినట్టే.

మొదలుపెట్టే ముందు ఉప్పు పరీక్ష: పొడి సీసాలో గుప్పెడు గింజలు, కాస్త పొడి ఉప్పు వేసి పది నిమిషాలు ఊపండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 పైనే, ముందు నీడన ఆరనివ్వండి. అంటకపోతే 15 లోపని మాత్రమే అర్థం, 8కి దిగిందని కాదు.

నీలిగట్టు: వడ్లకు సరే. పెసలు, మినుముల సంగతేంటి? గింజలో దాగిన పురుగు జెల్‌కు చావదు.

పొడిసీసా: అక్కడ మీ మాటే నిజం. 8 శాతం లోపు ఆరాక మైనస్ 18 ఫ్రీజర్‌లో వారం ఉంచాలి. తడి గింజ పెడితే లోపలి నీరు గడ్డకట్టి మొలకే చస్తుంది. బాగా ఎండిన పప్పుగింజను నేరుగా నానబెట్టినా బద్దలు పగులుతాయి. విత్తే ముందు రాత్రంతా చెమ్మగాలిలో ఉంచండి.

తేమగీత: క్యాబినెట్ కొంటే పెల్టియర్ రకం (కంప్రెసర్ లేకుండా కరెంటు పలకతో చల్లబరిచేది) మాత్రం వద్దు. గది వేడి కన్నా 15–20 డిగ్రీలే దించగలదు. బయట 44 ఉన్న రోజున లోపల 25 దగ్గరే ఆగిపోతుంది. ఆ డబ్బుకు మామూలు ఫ్రిజ్ నయం, కానీ పాలిథిన్ కవర్లలో పెట్టొద్దు, తేమ లోపలికి పాకుతుంది. ఆరబెట్టిన సీసానే పెట్టండి. బయటకు తీశాక వెంటనే మూత తిప్పకండి. గాజు మీది చెమ్మ ఆరి, సీసా గది వేడికి రావాలి. రాత్రి తీస్తే పొద్దున తెరవండి.