వంశపారంపర్యంగా జుట్టు పలచబడితే తమ్ముడి మాత్రలు అక్క వాడవచ్చా?

ప్రశ్న: నమస్కారం. నా వయసు 32 ఏళ్లు, మాది ఖమ్మం. రెండేళ్లుగా నా పాపిడి వెడల్పవుతోంది, జడ సగానికి సగం సన్నబడింది, నుదుటి అంచు మాత్రం అలాగే ఉంది. మా నాన్నగారిది బట్టతల. అమ్మకు కూడా నలభై దాటాక నడినెత్తి పలచబడింది. మా తమ్ముడికి 27 ఏళ్లకే కణతల దగ్గర జుట్టు పోవడంతో చర్మవైద్యులు 1 మిల్లీగ్రాము ఫినాస్టెరైడ్ మాత్ర, తలకు రాసుకునే మినాక్సిడిల్ ఇచ్చారు, వాడికి రాలడం తగ్గింది. ఇద్దరిదీ ఒకే సమస్య కనుక ఆ మాత్రలు నేనూ వేసుకోవచ్చా? మా పాపకు నాలుగేళ్లు, రెండో బిడ్డ కోసం ఆలోచిస్తున్నాము. మా అత్తగారు మాత్రం ఇదంతా బోరు నీళ్ల వల్లనే అంటున్నారు.

జవాబు: అమ్మా, నేను చర్మవైద్యుడిని. ముందుగా ఒక్క మాట: ఆ మాత్ర దయచేసి వేసుకోకండి. టెస్టోస్టెరాన్ అనే హార్మోను డీహెచ్‌టీ అనే మరో హార్మోనుగా మారకుండా ఫినాస్టెరైడ్ అడ్డుకుంటుంది. కడుపులో మగబిడ్డ ఉంటే అతని జననాంగాలు సరిగా ఏర్పడటానికి ఆ డీహెచ్‌టీయే కావాలి. ధర కలిసివస్తుందని 5 మిల్లీగ్రాముల మాత్రను ముక్కలు చేసుకునేవారు ఉన్నారు. మీ తమ్ముడికి ఆ అలవాటు ఉంటే ఆ ముక్కలను, పొడిని మీరు చేత్తో కూడా తాకవద్దు. మినాక్సిడిల్ కూడా గర్భధారణకు ప్రయత్నించే రోజుల్లోనూ, బిడ్డకు పాలిచ్చే రోజుల్లోనూ వాడకపోవడమే మంచిది.

ఇక కారణం సంగతి. వెంట్రుక సాధారణంగా రెండు నుండి ఆరేళ్ల వరకు పెరిగి, దాదాపు మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది, అదే కుదురు నుండి మళ్లీ మొలుస్తుంది. పుట్టుకతోనే డీహెచ్‌టీకి లొంగే స్వభావమున్న కుదుళ్లు ప్రతి విడతలోనూ కొంత కుంచించుకుపోతాయి, పెరిగే కాలం ఏళ్ల నుండి నెలలకు తగ్గుతుంది, చివరికి అక్కడ నూగు మాత్రమే మిగులుతుంది. యుక్తవయసుకు ముందే వృషణాలు కోల్పోయిన పురుషులకు బట్టతల రాదని 1942లో జేమ్స్ హామిల్టన్ అనే పరిశోధకుడు చూపించారు. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టుకతోనే డీహెచ్‌టీ తక్కువగా ఉన్న కుటుంబాల గురించి 1974లో వెలువడిన పరిశోధన ఫినాస్టెరైడ్‌కు దారి వేసింది. మేనమామ పోలికే వస్తుందన్న మాటలో కొంత నిజముంది, ఎందుకంటే ముఖ్యమైన జన్యువొకటి మగవారికి తల్లి ఇచ్చే ఎక్స్ క్రోమోజోము మీద ఉంది; అయితే తండ్రి వైపు నుండి వచ్చే జన్యువులు కూడా చాలానే పనిచేస్తాయి.

స్త్రీలలో మాత్రం హార్మోన్ల పాత్ర ఇంత స్పష్టంగా తేలలేదు. మీరు చెప్పినట్లు నుదుటి అంచు నిలిచి పాపిడి వెడల్పవడం వారిలో కనిపించే తీరే, కానీ చూడకుండా నిర్ధారించడం సరికాదు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్షలు చేయించండి. నెలసరి తప్పుతున్నా, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) కోసం కూడా చూడాలి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వాడుతుంటే రక్తం ఇచ్చే ముందు తప్పక చెప్పండి, అవి థైరాయిడ్ ఫలితాలను తారుమారు చేయగలవు. డెంగీ, టైఫాయిడ్, కాన్పు తరువాత రెండు మూడు నెలలకు గుప్పెడు గుప్పెడుగా రాలడం వేరు, అది చాలావరకు తానే సర్దుకుంటుంది. గుండ్రంగా నున్నగా ఊడే పేనుకొరుకుడు కూడా పూర్తిగా వేరే జబ్బు.

బోరు నీళ్లకు జుట్టు బిరుసెక్కి విరగవచ్చు గాని కుదురు కుంచించుకుపోదు. నీళ్లు తలంతా పడతాయి కదా, మరి నడినెత్తి పలచబడి వెనుక భాగం ఒత్తుగా ఎలా మిగులుతుంది? ఆ వెనుక కుదుళ్లు డీహెచ్‌టీకి లొంగవు కనుకనే నాటే శస్త్రచికిత్సకు వాటిని తీసుకుంటారు.

మరొకరి ప్రశ్న: నేను మగవాడిని, ఇదే సమస్యకు మినాక్సిడిల్ మొదలుపెట్టి మూడు వారాలైంది. ముందుకంటే ఎక్కువ రాలుతోంది, మానేయమంటారా?

జవాబు: మానకండి. విశ్రాంతిలో ఉన్న పాత వెంట్రుకలను కొత్తవి నెట్టివేయడం వల్ల మొదటి కొన్ని వారాల్లో అలా జరుగుతుంది, చాలామంది సరిగ్గా ఇక్కడే భయపడి ఆపేస్తారు. గుండె దడ, కాళ్ల వాపు వస్తే మాత్రం ఆపి వైద్యునికి చూపించండి. ఫలితం తేల్చుకోవడానికి నాలుగు నుండి ఆరు నెలలు పడుతుంది. మందు ఆపితే వచ్చిన జుట్టు కొద్ది నెలల్లోనే పోతుందన్నది తెలిసే మొదలుపెట్టాలి. ఫినాస్టెరైడ్ కూడా వాడేవారిలో కొద్దిమందికి లైంగిక వాంఛ తగ్గడం, మనసు కుంగిపోవడం కనిపిస్తాయి, ఆ మాట వైద్యుని దగ్గర సిగ్గుపడకుండా చెప్పాలి. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ పరీక్ష విలువను ఆ మందు దాదాపు సగానికి తగ్గించి చూపుతుంది కనుక అప్పుడూ చెప్పాలి.

మొదట అడిగినవారు: ధన్యవాదాలండి. మా తమ్ముడు నిజంగానే మాత్రను నాలుగు ముక్కలు చేస్తాడు, ఆ డబ్బా ఇంతవరకు నేనే సర్దేదాన్ని. రేపు పరీక్షలకు వెళ్తున్నాను.