సూపర్‌సోనిక్ ప్రయాణికుల విమానానికి ఏ ఇంజిన్ సరైనది?

మాక్‌రెండు:
ధ్వనికి రెట్టింపు వేగంతో (మాక్ 2) తిరిగిన ప్రయాణికుల విమానం కాంకార్డ్‌కి ఒలింపస్ 593 టర్బోజెట్ పెట్టారు, అంటే లోపలికొచ్చిన గాలంతా మంట గదిలోంచే పోయే ఇంజిన్. ఇప్పుడు బూమ్ కంపెనీ తన సూపర్‌సోనిక్ విమానం ఓవర్చర్ కోసం సింఫనీ అనే మీడియం బైపాస్ టర్బోఫ్యాన్ తయారుచేస్తోంది, అంటే ముందున్న ఫ్యాన్ కొంత గాలిని మంట పక్కనుంచి (బైపాస్) పంపే ఇంజిన్. ఆఫ్టర్‌బర్నర్ (వెనక అదనంగా ఇంధనం మండించి తోపు పెంచే భాగం) లేదు, వేగం మాక్ 1.7. నా దృష్టిలో ఇది వెనకడుగే. మాక్ 2 దగ్గర ఒలింపస్‌కి సాటి వచ్చే ప్రయాణికుల ఇంజిన్ ఇంతవరకూ రాలేదు. ఇంటేక్‌తో (గాలి లోపలికొచ్చే ముందు గొట్టం) కలిపి చూస్తే గాలి దాదాపు 80 రెట్లు నొక్కుకుపోయేది. క్రూజ్‌లో (పైన నిలకడగా ఎగిరేటప్పుడు) ముందుకు తోసే థ్రస్ట్‌లో 63 శాతం ఇంటేక్‌దే, 29 శాతం నాజిల్‌ది (గాలి బయటికెళ్ళే వెనక గొట్టం), ఇంజిన్‌ది 8 శాతమే. బైపాస్ పెంచితే ఫ్యాన్ వెడల్పవుతుంది, నాసెల్ (ఇంజిన్ తొడుగు) లావెక్కుతుంది, వేవ్ డ్రాగ్ (ధ్వని వేగం దాటాక షాక్ తరంగాల వల్ల వచ్చే గాలి నిరోధం) పెరుగుతుంది. ఆ నష్టం ఎవరు భరిస్తారు?

వేడిబ్లేడు:
ఆ 63 శాతం అంకెని అలా వాడకండి సార్. ఒత్తిడి ఏ భాగం మీద ఎంత పడుతోందో చెప్పే లెక్క అది. ఇంజిన్ ఆపి చూడండి, ఇంటేక్ ముందుకు తోయదు, వెనక్కి లాగుతుంది.

మాక్‌రెండు:
అంకె తప్పా?

వేడిబ్లేడు:
అంకె సరైనదే. దాన్నిబట్టి ఇంజిన్ పాత్ర చిన్నదనుకోవడం తప్పు.

మాక్‌రెండు:
చిన్నదని నేనెక్కడ అన్నాను? ఇంటేక్, ఇంజిన్, నాజిల్ మూడూ కలిపి ఒకే యంత్రం అంటున్నాను. ఫ్యాన్ ఒక్కటీ మార్చి మెరుగైంది అనొద్దంటున్నాను.

చిన్నమేఘం:
కాంకార్డ్ దారంతా ఆఫ్టర్‌బర్నర్ వేసుకునే వెళ్ళేదా?

మాక్‌రెండు:
లేదు తమ్ముడూ. టేకాఫ్‌లో, మళ్ళీ మాక్ 0.95 నుంచి 1.7 దాకా, అంతే. క్రూజ్‌లో దాని అవసరమే లేదు. దారంతా మండించాల్సి వచ్చింది సోవియట్ సూపర్‌సోనిక్ ప్రయాణికుల విమానం మొదటి టుపోలెవ్ 144కి, ఎన్‌కే-144 టర్బోఫ్యాన్‌తో. ఫ్యాన్ పెడితే మేలే జరుగుతుందనే వాళ్ళు ఆ విమానం రేంజ్ చూడాలి. తర్వాత రష్యన్లే ఆర్‌డీ-36-51 టర్బోజెట్‌కి మారారు.

రన్‌వేపక్కిల్లు:
టేకాఫ్‌లో, అంతే అంటున్నారు. మేముండేది ఆ టేకాఫ్ కిందేనండీ. జెట్ వేగం రెట్టింపైతే చప్పుడు శక్తి 256 రెట్లవుతుంది, ఎనిమిదో ఘాతం లెక్క. సన్నగా, వేగంగా ఊదే ఇంజిన్ ఎప్పుడూ అరుస్తూనే ఉంటుంది. మా మీద విమానాల దారి మార్చినప్పటి నుంచి మా చిన్నది రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తోంది. ఎన్నిసార్లు రాసినా ‘పరిమితుల్లోనే ఉంది’ అని ఒకటే జవాబు. అవి మామూలు విమానాలు. వాటి మీద ఆఫ్టర్‌బర్నర్ కూడానా?

గాలిగుర్రం:
సూపర్‌సోనిక్ విమానం చేయబోయిన ఏరియన్ కంపెనీ కూడా చప్పుడు తగ్గించాలని జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) వాళ్ళ అఫినిటీ టర్బోఫ్యాన్ ఎంచుకుంది. 2021లో కంపెనీయే మూతపడింది.

వేడిబ్లేడు:
పెట్టుబడి దొరక్క మూతపడింది. దాన్ని ఇంజిన్ ఖాతాలో రాయకండి.

అసలు సంగతి వేడి. బయట గాలి మైనస్ 57 డిగ్రీలున్నా, మాక్ 2లో ఇంజిన్ ముఖం దగ్గరికి వచ్చేసరికి 117 డిగ్రీలు. మాక్ 1.7లో 70 లోపే. అదే ఒత్తిడి నిష్పత్తి ఉంటే కంప్రెసర్ (గాలిని నొక్కే భాగం) చివరికి ఆ తేడా వంద డిగ్రీలు దాటుతుంది. మామూలు జెట్ టేకాఫ్‌లో కష్టపడి పైన కాస్త ఊపిరి తీసుకుంటుంది. సూపర్‌సోనిక్ ఇంజిన్ గంటల తరబడి ఆ వేడిలోనే ఉండాలి. నేను ఇంజిన్లు విప్పి బాగుచేసే ఓవర్‌హాల్ షాపులో పనిచేశాను. బోరోస్కోప్ (సన్నటి కెమెరా గొట్టం) లోపలికి పంపితే బ్లేడు అంచున పూత లేచిపోయి, చల్లగాలి రంధ్రాల చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్ళు కనిపించేవి. అలాంటి బ్లేడునే ఇంకో విడత నడిపించమని పైనుంచి ఒత్తిడి వచ్చేది. నేను సంతకం పెట్టలేదు, నన్ను వేరే విభాగానికి మార్చారు. క్రూజ్ సామర్థ్యం ఒక్కటే చూసి ఇంజిన్‌కి మార్కులేసేవాళ్ళకి ఆ పగుళ్ళు కనిపించవు.

మాక్‌రెండు:
మీ ఇద్దరికీ ఇంజిన్ గొడవే లేదు. మీకు వేగమే వద్దు. ఆ మాట సూటిగా అనండి!

రన్‌వేపక్కిల్లు:
అవును, మా నిద్ర పాడుచేసే వేగం వద్దు. అంటున్నాను, చాలా?

మాక్‌రెండు:
మా నాన్న పోయినప్పుడు నేను గాల్లో ఉన్నాను. దిగేసరికి అంతా అయిపోయింది. చివరి చూపు దక్కలేదు. అరవై ఏళ్ళుగా మనుషులు అదే నత్తనడకన సముద్రాలు దాటుతున్నారు. ఇంజిన్‌ని గంటలతో కొలవాలంటాను నేను.

వేడిబ్లేడు:
మీ బాధ కాదనను అన్నా. గంటలతోనే కొలుద్దాం. 5,500 కిలోమీటర్ల క్రూజ్‌కి మాక్ 2లో రెండున్నర గంటల పైచిలుకు, 1.7లో మూడు గంటల పైచిలుకు. తేడా అరగంట లోపే. ఆ అరగంటకి ఎంత వేడి, ఎంత చప్పుడు?

మాక్‌రెండు:
9,000 కిలోమీటర్లకి ముప్పావుగంట.

వేడిబ్లేడు:
అంత దూరం కాంకార్డ్ ఆగకుండా వెళ్ళలేదు. మధ్యలో దిగి ఇంధనం పోసుకుంటే ఆ ముప్పావుగంట అక్కడే పోతుంది.

చిన్నమేఘం:
టేకాఫ్‌లో ఎక్కువ బైపాస్, పైన తక్కువ బైపాస్ ఉండే వేరియబుల్ సైకిల్ పెడితే ఇద్దరికీ సరిపోదా?

వేడిబ్లేడు:
కదిలే తలుపులు, సీళ్ళు పెరుగుతాయి, బరువూ పెరుగుతుంది. జీఈ దాన్ని యుద్ధ విమానాల కోసం వైఎఫ్120 ఇంజిన్‌లో ఎగరేసి చూపించింది. ప్రయాణికుల విమానంలో వేల గంటలు నడవాలి, అది వేరే పరీక్ష.

రన్‌వేపక్కిల్లు:
టేకాఫ్‌లో మామూలు జెట్ల చప్పుడు పరిమితి దాటకపోతే ఏ ఇంజిన్ పెట్టినా నాకు అభ్యంతరం లేదు. వీళ్ళకి ప్రత్యేక పరిమితి ఇస్తే మాత్రం ఒప్పుకోను.

మాక్‌రెండు:
ఆ పరిమితి పెడితే మాక్ 2 ఇంజిన్ కాగితం దాటి బయటికి రాదు. అందుకే నేనూ ఒప్పుకోను.