సమస్యాపూరణం: “ఉప్పె వెండి పగయు నుప్పె మందు”

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

ఉప్పె వెండి పగయు నుప్పె మందు

రోజూ ఒంటిమీద ఉండే వెండి గురించి పూరించాలి. పట్టీలు, మెట్టెలు, కడియం, పిల్లల మొలతాడు, ఏదైనా సరే. విశాఖ వాళ్ళకి ఉప్పుగాలి సంగతి వేరే చెప్పక్కర్లేదు. గణయతులు నేను చూస్తాను, లోహం సంగతి మెరుగుపనివారు చూస్తారు. పద్యం నడిచి నగ పాడైతే ఆ పూరణ నెగ్గనట్టే.

గాజువాక గళం:

కడలిగాలిలోన గలసిన లవణమ్ము
నగకు నంటి పిదప నలుపు దెచ్చు
వేడినీట సోడ వెంట రేకును గూడ
నుప్పె వెండి పగయు నుప్పె మందు

నిర్వాహకుడు:
గణాలు సరి. క–గ, న–న, వే–వె యతులూ సరి. “గూడ” మీద ద్రుతం (చివర చేరే నకారం) తెచ్చి “నుప్పె” అని అందుకున్నారు, ఉకారం నిలిచింది కాబట్టి యతికి దెబ్బ లేదు. మూడో పాదంలో అన్వయం కాస్త బిగుసుకుంది గానీ అర్థమవుతోంది.

మెరుగుపని:
రెండో పాదంతో నాకు పేచీ ఉందండి. నలుపు తెచ్చేది ఉప్పు కాదు, గంధకం. గాలిలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండిని పట్టి సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది. ముందు పసుపుచాయ, తర్వాత గోధుమ, ఆఖరికి నలుపు. మురుగు పారే గెడ్డ పక్క ఇళ్ళలో పట్టీలు తొందరగా నల్లబడేది అందుకే. ఉప్పు చేసేది తోడుదొంగ పని. తేమని పీల్చి నగమీద కంటికి కనపడని చెమ్మ నిలబెడుతుంది, ఆ చెమ్మలో మిగతాది చకచకా జరిగిపోతుంది. 925 వెండిలో నూటికి 92.5 పాళ్ళే వెండి, మిగిలింది మామూలుగా రాగి. ఉప్పుచెమ్మ ముందు ఆ రాగిని తింటుంది. కొక్కెం సందులో కనపడే పచ్చటి మరక అదే.

మూడో పాదం మాత్రం భేష్. కొలతలు పద్యంలో పట్టవు కాబట్టి నేను చెబుతాను. గాజుగిన్నె అడుగున అల్యూమినియం రేకు పరవండి. రెండు పెద్ద చెంచాల వంటసోడా, ఒక చిన్న చెంచా ఉప్పు వేసి, పొయ్యి మీంచి అప్పుడే దించిన నీళ్ళు లీటరు మెల్లగా పోయండి, పొంగుతుంది. నగ రేకుకి తగులుతూ ఉండాలి. చాలామందికి ఫలితం రాకపోవడానికి కారణం ఇక్కడే ఉంది, గొలుసు కుప్పగా పోస్తారు, పైనున్న లంకెలు రేకుని ముట్టవు. మూడు నాలుగు నిమిషాల్లో కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గంధకం వెండిని వదిలిపోతున్నట్టు. కిటికీ తీసి ఉంచండి. నలుపు ఇంకా ఉంటే కొత్త రేకు, కొత్త నీళ్ళు. ఉప్పు ఇక్కడ తోమదు, నీళ్ళలో కరెంటు నడవడానికి దారి ఇస్తుంది, అంతే. అందుకే ఉప్పే మందనడం సగం నిజం, కానీ సమస్యకి సగం నిజం చాలు కదా.

వాల్తేరు వెన్నెల:

చెమట నుండు నుప్పు చేరు పట్టీ సందు
రాగి పాలు గూడి రంగు మార్చు
చింతపండు తోడ జేర్చి తోమిన జాలు
నుప్పె వెండి పగయు నుప్పె మందు

నిర్వాహకుడు:
ఛందస్సులో వంక పెట్టడానికి లేదు. మొదటి రెండు పాదాలు ఇప్పటిదాకా వచ్చిన వాటిలో మేలైనవి. చిం–జే యతి చూసి కంగారు పడేవాళ్ళకి: చ–జ ఒకే వర్గం, ఇ–ఏ మైత్రి ఉంది.

మెరుగుపని:
పద్యం నెగ్గింది, పట్టీ ఓడింది. చింతపండూ ఉప్పూ ఇత్తడి చెంబుకి, రాగి బిందెకి. పులుపు రాగిమీది చిలుముని కరిగిస్తుంది, సిల్వర్ సల్ఫైడ్‌ని కరిగించదు. పైగా నల్లదనం ఉండగానే 925లోని రాగి కాస్త పైపైన కరిగి నగ పాలిపోయి మొద్దుగా కనపడుతుంది. కల్లుప్పులో ఇసుక రేణువు ఒక్కటున్నా చాలు, వెండి మెత్తన కాబట్టి గీత పడుతుంది. టూత్‌పేస్టుదీ అదే కథ.

వాల్తేరు వెన్నెల:
మరి మామూలు రోజుల్లో దేనితో కడగమంటారు?

మెరుగుపని:
కుంకుడు రసం తల్లీ. నాలుగు కాయలు గింజ తీసి గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, పిసికి, బట్టలో వడగట్టు. పిల్లలు వాడే మెత్తటి బ్రష్‌తో సందులు రుద్ది, మంచినీళ్ళలో కడిగి, పాత నూలుబట్టతో పొడుగునా ఒకే వైపు తుడువు. బీచ్ నుంచి వచ్చాక ఇంత కూడా అక్కర్లేదు. ఒట్టి మంచినీళ్ళలో కడిగి తుడిస్తే చాలు, కాకపోతే ఆ రోజే చెయ్యాలి.

మధురవాడ మాలిక:

ముత్యమున్న నగను పాత్రలో ముంచొద్దు
పగడమున్నదాని పక్కనుంచు
వట్టి వెండికైన వారాని కొకమారు
ఉప్పె వెండి పగయు నుప్పె మందు

నిర్వాహకుడు:
మాలిక గారూ, మొదటి పాదంలో యతి తప్పింది, ము–పా కలవవు. “ముంచొద్దు” వాడుకమాట, ఇక్కడ నప్పలేదు. “ముంచరా దేనాడు” అంటే రెండూ తీరతాయి.

మెరుగుపని:
విషయం అసలైంది పట్టుకున్నారు. ముత్యం, పగడం వేడి సోడానీళ్ళకి మెరుపు పోగొట్టుకుంటాయి. లక్క నింపిన బోలు కడియంలో లక్క మెత్తబడి కారుతుంది. కావాలని నలుపు పెట్టిన ఆక్సిడైజ్డ్ నగ అయితే పనితనం అంతా తెల్లగా తుడిచిపెట్టుకుపోతుంది, తర్వాత ఏడ్చి లాభం లేదు. వారానికోసారి మాత్రం ఒప్పుకోను. రేకునీళ్ళు మొండి నలుపుకే.

మధురవాడ మాలిక: సవరించాను.

ముత్యమున్న నగను ముంచరా దేనాడు
పగడమున్నదాని పక్కనుంచు
వట్టివెండి మిగుల వన్నె మాసిననాడె
యుప్పె వెండి పగయు నుప్పె మందు

నిర్వాహకుడు:
“మాసిననాడె” తర్వాత యడాగమం (అచ్చుల మధ్య వచ్చే యకారం) కూడా చక్కగా కూర్చారు. ఇప్పుడు నగా నిలిచింది, పద్యమూ నిలిచింది.

జాలరిపేట జాణ:

చేప నిలువ జేయు చేతిలో కడియమ్ము
వన్నె చెరచు నొక్క వాడలోనె
జాలరింట చూడు సాగరమ్మిచ్చిన
యుప్పె వెండి పగయు నుప్పె మందు

నిర్వాహకుడు:
అందరూ గిన్నెలో వెతికితే ఈవిడ వాడలో వెతికారు. మందు వెండికే అని సమస్యలో ఎక్కడా లేదు మరి! జా–సా యతి చెల్లుతుంది. “చేతిలో” కంటే “చేతి” మీద ఇంకో మాట పడితే బాగుండేది, కడియం చేతికి ఉంటుంది గానీ చేతిలో ఉండదు. అయినా ఈ వారం నా ఓటు దీనికే.

మెరుగుపని:
నాదీ. ఉప్పు చేపలో నీటిని లాగేసి కుళ్ళకుండా ఆపుతుంది, కడియం మీద అదే ఉప్పు గాలిలో నీటిని లాగి తెచ్చి పెడుతుంది. ఒకటే గుణం, రెండు ఫలితాలు.

గాజువాక గళం:
మువ్వల పట్టీలు కడిగాక మోగట్లేదని కొందరు అంటున్నారు, ఎందుకంటారు?

మెరుగుపని:
మువ్వలో నీళ్ళో సబ్బు జిగురో నిలిచిపోయి, లోపలి గుండు అతుక్కుంటుంది. గుండు ఇనుపదైతే తుప్పు పడుతుంది కూడా. కడిగాక మువ్వల చీలిక కిందికి ఉండేలా వేలాడదీసి బాగా విదిలించి, ఫ్యాను కింద మూడు నాలుగు గంటలు ఉంచాలి. పూర్తిగా ఆరాకే జిప్ సంచీలో పెట్టి, గాలి నొక్కేసి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వెయ్యండి. రబ్బరు బ్యాండు చుట్టొద్దు, అందులో గంధకం ఉంటుంది. బ్లీచింగ్ కలిపిన నీళ్ళతో గచ్చు కడిగేటప్పుడు పట్టీలు తీసెయ్యాలి, క్లోరిన్ తగిలితే వెండి బూడిదరంగుకి తిరుగుతుంది.

నిర్వాహకుడు:
మువ్వ మాట వచ్చింది కాబట్టి వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే:

మువ్వ మూగబోయె మురికి లేక